సర్వర్ ఎంత లోడ్ మోస్తుందో కాగితం మీదే తేల్చడం

ఆంధ్రా యూనివర్సిటీ నుంచి ఎంటెక్ ప్రాజెక్టుకని రుషికొండలో మా ఆఫీసుకి వచ్చే పిల్లలు ముందు అడిగేది, "ఏ సిమ్యులేటర్ వాడాలి సార్?" అని. సిమ్యులేటర్, అంటే సర్వర్ పనితీరుని కంప్యూటర్లో నకలు చేసి చూపే ప్రోగ్రాం, పక్కన పెట్టండి. ముందు కాలిక్యులేటర్ చాలు.

సర్వర్ ప్రతి రిక్వెస్టునీ నమోదు చేసుకునే లాగ్‌లోంచి రెండు అంకెలు తీయండి: సెకనుకి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి, ఒక్కోదాని మీద సర్వర్ నిజంగా పనిచేసే సమయం ఎంత. రోజంతటి సగటు దండగ, బాగా బిజీగా ఉన్న గంటదే తీసుకోండి. సింహాచలంలో చందనోత్సవం నాటి క్యూలైన్లను ఏడాది సగటు చూసి కడతారా?

సెకనుకి 40 రిక్వెస్టులు, ఒక్కోదానికి 0.02 సెకను అనుకుందాం. గుణిస్తే 0.8. అంటే సర్వర్ 80 శాతం బిజీ, ఖాళీ 0.2. ఒకే క్యూ, ఒకే సర్వర్ ఉండే ఎం/ఎం/1 మోడల్‌లో 0.02ని ఆ 0.2తో భాగిస్తే జవాబు సమయం (క్యూలో ఆగేదీ కలిపి) 0.1 సెకను. ఇప్పుడు 40ని 45 చేయండి. ఖాళీ 0.1కి పడిపోతుంది, జవాబు 0.2 సెకను అవుతుంది. లోడ్ ఎనిమిదో వంతు పెరిగితే సమయం రెట్టింపు! మేనేజర్లకి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

తర్వాత, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రంతో సరిచూడండి. రిక్వెస్టులు వచ్చే వేగాన్ని అవి సిస్టమ్ లోపల ఉండే సమయంతో గుణిస్తే లోపలున్న రిక్వెస్టుల సంఖ్య: 40 × 0.1 = 4. మానిటరింగ్‌లో సగటున 15 కనిపిస్తే, రిక్వెస్టులు మన లెక్కలో లేని చోటెక్కడో ఆగుతుండొచ్చు: డేటాబేస్ లాక్‌లూ (ఒకరు వాడుతున్న డేటా కోసం మరొకరు ఆగడం), కనెక్షన్ పూలూ (పరిమితంగా ఉండే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) వెతకండి. లేదా రిక్వెస్టులు గుంపులుగా వస్తుండొచ్చు, ఎం/ఎం/1 దాన్ని లెక్కలోకి తీసుకోదు. అప్పుడు తెరవండి సిమ్యులేటర్.