తాతగారి మిలటరీ మెడల్: ముందు అంచు చదవండి

ట్రంకు పెట్టెలో పాత మెడల్ దొరికితే మన ఇళ్ళలో ముందు చేసే పని చింతపండు పెట్టి తోమడం. దయచేసి ఆ పని చేయకండి. మొదటి ప్రపంచయుద్ధం నాటి మెడల్‌లో రాజుగారి బొమ్మ కన్నా విలువైనది దాని అంచు. సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం ఆ సన్నటి మందం మీదే చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంటాయి. తోమిన ప్రతిసారీ ఆ అక్షరాలు కొంత అరుగుతాయి. నల్లబడిన వెండిని నల్లగానే ఉండనివ్వండి, పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

అంచు చదవడానికి రాత్రిపూట గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టండి. ఎదురుగా పడే వెలుగులో కనిపించని అక్షరం పక్క వెలుగులో నీడ కట్టి పైకి తేలుతుంది. మెడల్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ ఎనిమిది పది ఫోటోలు తీయండి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం అంచుకి చుట్టి, 2బి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. కనిపించింది కనిపించినట్టే రాసుకోండి, అనుమానం ఉన్న చోట చుక్క పెట్టండి. ‘ఇది మన తాత పేరే అయ్యుంటుంది’ అని మనసులో పెట్టుకుని చదివితే లేని అక్షరాలు కూడా కనిపిస్తాయి.

అంచు మీద ‘3417 ఎస్‌పీఆర్. అప్పల్సామి, 2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ అని ఉందనుకోండి. ఎస్‌పీఆర్ అంటే శాపర్, అంటే వంతెనలు, రోడ్లు, కందకాల పని తెలిసిన సైనికుడు. పటాలం సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్, జనం నోట మద్రాస్ శాపర్స్. నేటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలే, కేంద్రం బెంగళూరు. నంబరు ఆ పటాలం వరకే చెల్లుతుంది. అదే 3417 వేరే పటాలంలో వేరే మనిషిది కావచ్చు. అందుకే పటాలం పేరు తేలకుండా నంబరు పట్టుకుని వెతకడం దండగ.

పేరు దగ్గర మనవాళ్ళు ఎక్కువ తడబడతారు. అంచు మీద ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అప్పలస్వామి అప్పల్సామి అవుతాడు, పైడయ్య పైడియా అవుతాడు, సన్యాసి నాయుడులో నాయుడు ఎగిరిపోవచ్చు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. కనీసం నాలుగైదు స్పెల్లింగులు రాసుకుని వెతకండి.

ఊరి సంగతీ అంతే. 1914–18 కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే దొరకదు, అప్పటికి అది లేదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా విడిపోయినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. శ్రీకాకుళాన్ని ‘చికకోల్’ అనీ, విశాఖపట్నాన్ని ‘వైజాగపటం’ అనీ రాసేవారు. ఈ ఒక్క మార్పుతోనే ఆగిపోయిన వెతుకులాట కదులుతుంది.

ఇక ఏ మెడల్ ఏం చెబుతుందో చూద్దాం. వెనక గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. సైనికులకి వెండిది, వంటవాళ్ళు, కూలి దళాల వంటి వారికి కంచుది ఇచ్చారు. రెక్కలున్న దేవత, ఇంద్రధనుస్సు రిబ్బను ఉంటే విక్టరీ మెడల్. ఇది వచ్చినవారికి వార్ మెడల్ కూడా వచ్చి ఉంటుంది. ఒక్క విక్టరీ మెడలే మిగిలిందంటే వెండిది ఎప్పుడో తాకట్టుకో కొలిమికో పోయిందనుకోవాలి. బాధపడకండి, అదే నంబరు, పేరు దీని అంచు మీదా ఉంటాయి. 1914–15 స్టార్ అనే నక్షత్రపు మెడల్‌కి పేరు వెనకవైపు ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధపు స్టార్లు చాలామటుకు పేరు లేకుండానే ఇచ్చారు. బర్మా స్టార్ ఉంటే ఆయన ఆ యుద్ధరంగానికి వెళ్ళారని తెలుస్తుంది గానీ ఎవరిదన్నది మెడల్ చెప్పదు, డిశ్చార్జి కాగితం కావాలి.

కొంటున్నా, ఎవరైనా చూపించినా వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) అడ్డంగా కొలవండి. బ్రిటిష్ వార్ మెడల్ 36 మిల్లీమీటర్లు ఉండాలి. అర మిల్లీమీటరు తక్కువగా ఉంటే పాత పేరు గీకేసి కొత్తది చెక్కారేమోనని అనుమానించాలి.

తాతగారి పాత ఫోటో కూడా ఉంటే, ముందుగా దాన్ని రెండు వైపులా 1200 డీపీఐలో స్కాన్ తీయండి. వెనకున్న స్టూడియో ముద్ర ఊరు చెబుతుంది. మన తీరపు తేమకి ఫోటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, బొమ్మ పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీదుగానే ఫోటో తీయండి. తర్వాత చేతులు చూడండి: భుజం కింద ‘వి’ గీతలు ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దార్. భుజం మీద ఒక నక్షత్రం కనబడగానే సెకండ్ లెఫ్టినెంట్ అనేయకండి. మొదటి యుద్ధం తర్వాతి ఫోటోల్లో నక్షత్రం కింద అడ్డంగా చిన్న రిబ్బను ఉంటే ఆయన జమేదార్, అలాంటివి రెండైతే సుబేదార్. జమేదార్ హోదానే 1965 నుంచి నాయబ్ సుబేదార్ అంటున్నారు.

భుజం మీది ఇత్తడి అక్షరాలు కాలాన్ని బిగించి చెబుతాయి. 1903లో పాత మద్రాసు పటాలాల నంబర్లకి 60 కలిపారు, ఒకటో పయనీర్స్ (రోడ్ల పనీ చేసే పదాతి పటాలం) 61వది అయింది. 61, 64, 81 పయనీర్లు 1922లో ఒకే రెజిమెంటుగా కలిశాయి. కాబట్టి ‘61 పయనీర్స్’ అని కనిపిస్తే ఫోటో 1903–1922 మధ్యది. ‘3 మద్రాస్’ అయితే 1922 తర్వాతిది.

రిబ్బను రంగుల దగ్గర జాగ్రత్త. ఆనాటి ఫిల్ములు చాలావాటికి ఎరుపు కనిపించదు. ఎరుపు, నారింజ నల్లగా పడతాయి, నీలం తెల్లగా పడుతుంది. వార్ మెడల్ రిబ్బనులో నారింజ నడుమ ముదురుగా, నీలం అంచులు లేతగా కనిపించేది అందుకే. మెడళ్ళు ఎడమ రొమ్ము మీద ఉండాలి. కుడివైపు కనిపిస్తే ఫోటో తిరగబడి ప్రింటయిందేమో గుండీల వరుస చూసి తేల్చుకోండి.

యుద్ధంలో చనిపోయినవారైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, కొందరి వివరాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా ఉంటాయి. శాపర్ అయితే బెంగళూరు కేంద్రానికి, మద్రాస్ రెజిమెంటు మనిషైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి అంచు ఫోటోతో సహా ఉత్తరం రాయండి. డిశ్చార్జి సర్టిఫికెట్ దొరికితే లామినేషన్ మాత్రం చేయించకండి: వేడికి సిరా పాకవచ్చు, ఆ ప్లాస్టిక్ ఇక ఊడదు. జిరాక్స్ తీసి, అసలుని పొడి కవరులో, ఎండ తగలని బీరువాలో పెట్టండి.