అమ్మ ఫోన్‌లో చెప్పే కరెంటు కష్టాలు: కోనసీమ ఇంటికి కువైట్ నుంచి వైద్యం

నేను కువైట్‌లో ఉంటాను. అమ్మానాన్నలు రాజోలు దగ్గర పల్లెలో. ఇన్వర్టరు, స్టెబిలైజరు, సీసీ కెమెరాలు అన్నీ పెట్టించి వచ్చానన్న ధీమా మొదటి వేసవికే పోయింది. ఇంటి దగ్గర ఏం జరిగిందో నాకు తెలిసేది అమ్మ మాటల్లోనే. అందుకే ఆవిడ మాటలనే పట్టుకుని జబ్బేమిటో, మందేమిటో రాస్తున్నాను.

ఫోను రాగానే నేను అడిగేవి రెండే. పక్కింట్లో ఎలా ఉంది? మెయిన్ బోర్డు వీడియో పంపగలవా? పక్కింట్లోనూ అదే గొడవైతే లోపం లైన్లో ఉన్నట్టు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేయాలి. మనింట్లోనే అయితే ఎలక్ట్రీషియన్ పని.

"కరెంటుందిరా, అయినా డబ్బా కూస్తోంది"

ఎండాకాలం సాయంత్రాల ఫోను ఇది. వీధంతా కరెంటు ఉంటుంది, మన ఇన్వర్టరు మాత్రం బ్యాటరీ మీద నడుస్తూ కూస్తుంటుంది. రాత్రికి బ్యాటరీ దిగిపోయి ఫ్యాన్లు ఆగుతాయి. వచ్చినతను బ్యాటరీ పోయిందండి, మార్చాలి అంటాడు. డబ్బు పంపేముందు ఇన్వర్టరు మీద ఉండే చిన్న మోడ్ స్విచ్ చూడమనండి. యూపీఎస్ మోడ్‌లో ఉంటే చాలా ఇన్వర్టర్లు సుమారు 180 నుంచి 260 వోల్టుల మధ్యే లైను కరెంటు తీసుకుంటాయి. వోల్టేజి 170కి దిగిందా, వాటి లెక్కలో కరెంటు పోయినట్టే. మామూలు మోడ్‌లో సుమారు 100 దాకా సర్దుకుపోతాయి. ఇళ్ళలో ఏసీలు, రొయ్యల చెరువుల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఒకేసారి తిరిగే ఊళ్ళలో సాయంత్రం 170 వింతేమీ కాదు.

సెలవుకెళ్ళినప్పుడు వైఫై తెగకుండా ఉండాలని ఆ మోడ్ మార్చింది నేనే. మర్చిపోయి విమానం ఎక్కేశాను. తిట్లు మాత్రం మెకానిక్కు పడ్డాయి.

మోడ్ మార్చాక కూడా ఫ్రిజ్ కంప్రెసరు టక్కుమని ఎత్తుకోబోయి ఆగిపోతుంటే దానికి స్టెబిలైజరు కావాలి. కానీ పక్కింట్లో వోల్టేజి బాగుండి, మనింట్లో మోటారు వేయగానే లైట్లు డిమ్ అవుతున్నాయంటే స్టెబిలైజరు కొనకండి. సర్వీసు వైరు జాయింటు చూడమనండి. ఉప్పుగాలికి అల్యూమినియం, రాగి కలిసే చోట చిలుము పట్టి జాయింటు వేడెక్కుతుంది. మీటరు దగ్గర కాలిన వాసన వస్తే అదే. స్తంభం వైపు జాయింటు లైన్‌మన్ పనే, మనవాళ్ళెవరూ నిచ్చెన వేయకూడదు.

"లైట్లు తెల్లగా మండిపోతున్నాయి, ఫ్యాను ఊడొచ్చేలా తిరుగుతోంది"

ఇది విన్నాక ఇంకేమీ అడగొద్దు. "ముందు మెయిన్ ఆపెయ్యమ్మా" అనండి. వీడియో తర్వాత.

వీధిలోకి కరెంటు తెచ్చే మూడు ఫేజు తీగలకూ న్యూట్రల్, అంటే తిరుగు తీగ, ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో దారిలోనో అది తెగితే, ఏ ఫేజు మీద లోడు తక్కువుందో ఆ ఇళ్ళకి 230 బదులు 300, 350, ఒక్కోసారి 400కి దగ్గరగా వస్తుంది. లోడు ఎక్కువున్న ఇళ్ళలో బల్బులు గుడ్డిగా వెలుగుతాయి. అందుకే ఒక ఇంట్లో టీవీ పేలుతుంది, ఎదురింట్లో ఫ్యాను ఈగల్ని కూడా తోలదు. త్రీ ఫేజు సర్వీసున్న ఇంట్లో మన న్యూట్రల్ ఒక్కటి ఊడినా, ఇంట్లో గదికో రకంగా ఇదే జరుగుతుంది. ఈదురుగాలి వచ్చి కొబ్బరి మట్టలు తీగల మీద పడిన రోజుల్లో ఈ ఫోను వస్తుందనుకోవచ్చు.

ఇక్కడే చాలామంది ఎన్నారైలు డబ్బు తప్పు చోట పెడతారు. సర్జ్ ప్రొటెక్టర్ ఉందిగా అనుకుంటారు. అది మైక్రోసెకన్లలో వచ్చిపోయే దెబ్బను కాసేది. నిమిషాల తరబడి 350 వోల్టులు వస్తే అదే కాలిపోతుంది. స్టెబిలైజరు ఒక్క ఫ్రిజ్‌నో ఏసీనో చూస్తుంది, దాని హద్దు దాటితే అదీ పోతుంది. దీనికి మందు మెయిన్ బోర్డులో పెట్టే ఓవర్-అండర్ వోల్టేజ్ కటాఫ్. వోల్టేజి 270 దాటితే, లేదా బాగా పడిపోతే ఇల్లంతటికీ కరెంటు ఆపేసి, కుదుటపడ్డాక కాసేపు ఆగి తనే ఇస్తుంది. త్రీ ఫేజు ఇంటికి త్రీ ఫేజుదే పెట్టాలి. అమ్మానాన్నలే ఉన్న ఇంటికి ముందు ఏది కొనాలంటే నేను ఇదే అంటాను. ఎవరూ పరిగెత్తి మెయిన్ ఆపక్కర్లేదు.

"పిడుగెక్కడో పడింది, మన కెమెరాలు పోయాయి"

పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. దూరాన పడినా కరెంటు తీగల్లోనూ, బయట పొడుగ్గా లాగిన రాగి కేబుళ్ళలోనూ వోల్టేజి ఎగదన్నుతుంది. మా గేటు కెమెరా కేబులు కొబ్బరిచెట్టుకి కట్టి లాగారు. డెల్టాలో పిడుగుకి కొబ్బరిచెట్టు కన్నా ఇష్టమైన చోటు ఏముంటుంది! రికార్డరు, రూటరు, టీవీ ఒకే దెబ్బకి పోయాయి.

దీనికి మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ పెట్టించాలి, అంటే బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్టరే. బోర్డు నుంచి దానికీ, దాన్నుంచి ఎర్తుకీ పోయే తీగలు కలిపి అర మీటరు మించకుండా ఉంటే మంచిది. తీగ చుట్టలు చుట్టి వదిలేస్తే సగం గుణం పోతుంది. దాని కిటికీలో పచ్చరంగు ఉంటే బతికున్నట్టు, ఎర్రబడితే కార్ట్రిడ్జ్ మార్చాలి. నెలకోసారి ఆ కిటికీ ఫొటో అడగండి. కెమెరా, డిష్ కేబుళ్ళకు వేరే ప్రొటెక్టర్లు ఉంటాయి. నేరుగా ఇంటి మీద పడే పిడుగుని మాత్రం టైప్ 2 ఆపలేదు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గులు పీకే నాన్న అలవాటుని నేనిక వెక్కిరించడం మానేశాను.

అసలు ఎర్తు లేకపోతే ఎస్‌పీడీ ఉత్త అలంకారం. పాత పెంకుటిళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉంటుంది గానీ మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఎర్తు గుంట ఉన్నా, మన తడినేలలో గుంట బాగానే కనిపిస్తుంది, పైపూ క్లాంపూ మాత్రం ఉప్పుకి తినేసి ఉంటాయి. నా మొదటి సెలవులో చెయ్యి పెట్టగానే క్లాంపు పొడిపొడిగా రాలింది. ఎర్త్ టెస్టరుతో కొలిపించండి, 5 ఓమ్‌ల లోపు ఉండేలా చూసుకోండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి "వెలిగిందండి" అంటే అది పరీక్ష కాదు, ప్రమాదం కూడా.

"వాన పడితే మెయిన్ పడిపోతోంది"

గేటు లైటులోనో మోటారు స్విచ్చులోనో తడి చేరింది. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు, తన పని తాను చేస్తోంది. బయటి లైన్లు ఒక్కొక్కటీ ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు. విసుగొచ్చి దాన్ని బైపాస్ చేయిస్తే ఆ తడి గోడ మీద చెయ్యేసేది అమ్మే.

"రెండు గంటలకే ఆగిపోతోంది"

150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), 12 వోల్టుల బ్యాటరీ లెక్కకి 1800 వాట్-అవర్లు, చేతికి దక్కేది 1200 అనుకోండి. పాత ఫ్యాను 75 వాట్లు. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై, కెమెరాలు కలిపి 290 వాట్ల దాకా అయితే నాలుగు గంటలు వస్తుంది. ఆ మూడూ కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లైతే అదే బ్యాటరీ ఏడు గంటల పైన లాగుతుంది. రెండో బ్యాటరీ కన్నా ఫ్యాన్లు మార్చడం నయం.

కొత్త బ్యాటరీయే రెండు గంటలకి ఆగిపోతే నీళ్ళు చూడాలి. రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఫిల్టరు నీళ్ళు, మినరల్ వాటరు, యాసిడ్ ఏవీ వద్దు. ఇల్లు ఏడాదంతా తాళం వేసి ఉంటే లెడ్ యాసిడ్ బ్యాటరీని నీళ్ళు పోసే దిక్కు లేకుండా చార్జింగులో వదలొద్దు. బంధువులింట్లో పెట్టి వాడుకోమనండి, లేదా లిథియంకి మారండి.

"సోలారు పెట్టించావు, కరెంటు పోతే అదీ పోయింది"

పాడవలేదు. సబ్సిడీతో పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ (వీధి లైనుకి కలిపి నడిచే) సోలారు లైను పోగానే కావాలనే ఆగిపోతుంది, స్తంభం మీద లైన్‌మన్ ప్రాణం కోసం. కరెంటు లేనప్పుడూ కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాలి. జనరేటరుకీ ఇదే భయం. రెండు వైపులా ప్లగ్గున్న వైరుతో సాకెట్లోకి కరెంటు ఎక్కిస్తే అది వీధి లైన్లోకి వెళ్తుంది. వీధి లైనుని విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా వద్దు. జనరేటరుని వరండాలో కాకుండా గాలి ఆడే పెరట్లో, కిటికీలకు దూరంగా పెట్టాలి.

మనం మోసుకొచ్చే సామాను గురించి ఒక మాట. అమెరికా మిక్సీ 120 వోల్టులది, ఇక్కడ పెడితే పొగే. కువైట్, దుబాయ్ సామాను నడుస్తుంది. సౌదీలో 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి ఫ్రిజ్ ఇక్కడ వేడెక్కుతుంది.

లంక ఊళ్ళవాళ్ళకి ఇంకొకటి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, వరద వచ్చాక అమ్మానాన్నలు ఎత్తలేరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 13.75 అడుగులకి చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మొదటిది 11.75కి ఇచ్చినప్పుడే ఇద్దరు కుర్రాళ్ళని పిలిపించి బల్ల మీదకి ఎక్కించండి. నీళ్ళు తీశాక, సాకెట్లు మునిగి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దని ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు ఫోన్లు కలవవు.