పోయిన వస్తువు కోసం కార్తవీర్యార్జున శ్లోకం: మా ఇంట్లో ఎలా చదువుతామంటే

ఇంట్లో ఏది కనిపించకపోయినా మా పిల్లలు ముందు నన్నే పిలుస్తారు, "అమ్మా, ఆ శ్లోకం చదువు" అని. చదువుతాను, కానీ వాళ్లచేత కూడా చదివిస్తాను. పోగొట్టుకున్నవాళ్ల నోటి నుంచే రావాలని నా నమ్మకం.

కార్తవీర్యార్జునో నామ రాజా బాహుసహస్రవాన్ ।
తస్య స్మరణమాత్రేణ గతం నష్టం చ లభ్యతే ॥

వేయి చేతులున్న కార్తవీర్యార్జునుడనే రాజును తలచుకుంటే చాలు, పోయింది దొరుకుతుందని భావం. కొందరు "గతం" బదులు "హృతం" అంటారు. మీ పెద్దవాళ్లు ఎలా నేర్పితే అలాగే చదవండి, మార్చుకోనక్కర్లేదు.

ఈయన పాండవుల అర్జునుడు కాదు. హైహయ వంశపు రాజు, నర్మద ఒడ్డున మాహిష్మతి ఆయన రాజధాని. దత్తాత్రేయుణ్ణి సేవించి వేయి చేతులు వరంగా పొందాడు. రావణుణ్ణి పట్టి బంధించినవాడు. పోయిన వస్తువులకు ఈయన్నే ఎందుకు తలుస్తారంటే, తన రాజ్యంలో పశువులకూ పొలాలకూ తానే కాపలా కాశాడని పురాణాలు చెబుతాయి. పొద్దున్న లేవగానే ఆయన పేరు తలచుకున్నవాడికి ధనం పోదు, పోయింది మళ్లీ దొరుకుతుందని మత్స్యపురాణంలో ఉంది.

ఇక చదివే పద్ధతి. శ్లోకంలో 32 అక్షరాలు, ఎనిమిదేసి చొప్పున నాలుగు పాదాలు. "నామ" దగ్గర, "సహస్రవాన్" దగ్గర, "మాత్రేణ" దగ్గర ఆగి ఊపిరి తీసుకోండి. కంగారులో అందరూ గబగబా చదివేస్తారు, అప్పుడు "లభ్యతే" కాస్తా "లబ్యతే" అయిపోతుంది. ముందు ఒకచోట కూర్చుని మూడుసార్లు నిదానంగా చదవండి. టెన్షన్ తగ్గాక లేచి వెతకండి, వెతుకుతూ మనసులో అనుకుంటూ ఉండండి. శ్లోకం చదివి చేతులు కట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఒకసారి మా అమ్మాయి చెవిదిద్దు సీల జారిపోయింది. మిరియపు గింజంత కూడా ఉండదది. ఊడ్చే పని పెట్టుకోకుండా గదిలో లైట్లన్నీ ఆర్పేసి, టార్చ్‌ని నేలకి ఆనించి పడుకోబెట్టి మెల్లగా తిప్పాం. వెలుతురు అడ్డంగా పడితే నేల మీద ప్రతి నలుసుకీ పొడుగాటి నీడ వస్తుంది, లోహమైతే తళుక్కుమంటుంది. నేను పైకే చదువుతున్నాను, అది టార్చ్ తిప్పుతోంది. మంచం కోడు పక్కన మెరిసింది.

ఆ సమయంలో నోట్లోంచి వచ్చే మిగతా మాటలు కూడా చూసుకోవాలి. "ఎక్కడ పడేశావ్?" అంటే అవతలి మనిషి తనని తాను కాపాడుకునే పనిలో పడిపోతాడు, గుర్తు తెచ్చుకోడు. "చివరిసారి చేతిలో ఎప్పుడుంది? ఆ తర్వాత ఏం పని చేశావు?" అని అడగండి. ఇంట్లో పనిచేసే మనిషి మీద అనుమానం అసలు పైకి అనకండి. వస్తువు దొరికినా ఆ మాట వెనక్కి రాదు. ఈ విషయంలో మా ఇంట్లో నేను చాలా గట్టిగా ఉంటాను.

బయట పోయినవాటికి వరస వేరు. బ్యాంకు కార్డు పోతే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి బ్లాక్ చేయించండి, తర్వాతే శ్లోకం. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ ఫోన్‌ని బ్లాక్ చేయమని అడగొచ్చు. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు కావాలి. ఫోన్ చేతిలో ఉండగానే *#06# నొక్కి ఆ నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఈ శ్లోకానికి డబ్బు ఇవ్వాల్సిన పనిలేదు, దీక్ష అక్కర్లేదు. ఆడవాళ్లు, పిల్లలు ఎవరైనా చదవొచ్చని మా ఇంట్లో పాటిస్తాం. ఎవరైనా ఫీజు అడిగితే దణ్ణం పెట్టి వచ్చేయండి. వస్తువు దొరికాక మాత్రం మర్చిపోకుండా ఆయనకి ఒక నమస్కారం చేసుకోండి. పిల్లలకు రోజుకో పాదం చొప్పున నేర్పితే నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.