మన ఆస్తిలో కొంత ప్రకృతికి రాసివ్వడం ఎలా? ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగువారి కోసం

మన పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువూ, వనమూ ఉన్నాయి. చెరువు తవ్వించినా, వనం నాటించినా పేరు నిలబడుతుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాల్లో వీలునామా రాయాలంటే పిల్లలు గుర్తొస్తారు, కొందరికి గుడి గుర్తొస్తుంది. రుషికుల్య తాబేళ్లు, చిలికా పక్షులు, మహేంద్రగిరి అడవి మాత్రం ఆ కాగితంలోకి రావడం అరుదు. ఇష్టం లేక కాదు. ఎలా రాయాలో తెలియక, రాస్తే ఇంట్లో ఏమంటారో అన్న టెన్షన్‌తో ఆగిపోతారు. నిజానికి మామూలు ఉద్యోగి, చిన్న వ్యాపారి కూడా చేయగలిగిన పని ఇది.

ముందు, దేనికి ఇస్తున్నారో తేల్చుకోండి

"ప్రకృతి పరిరక్షణకు" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ డబ్బు ఎటైనా పోవచ్చు. మీ మనసు ఏ చోటి మీద ఉందో ఆ చోటికి ఏం కావాలో చూడండి.

రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. 2023లోనూ 2025లోనూ ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్ని ఏళ్లు గుంపుగా రానే రావు. నెలన్నర, రెండు నెలల్లో గుడ్లు పగిలి, పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొస్తాయి. వెలుతురు ఎటు ఉంటే అటు నడుస్తాయి కాబట్టి వీధి దీపాలు కనిపిస్తే సముద్రం వదిలి రోడ్డు వైపు పోతాయి. కుక్కలు, కాకులు పొంచి ఉంటాయి. పొడంపేట, పురుణబంధ లాంటి పల్లెకారుల ఊళ్ల కుర్రాళ్లు రాత్రుళ్లు కాపలా కాసి, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో పోగుచేసి నీళ్లలో వదులుతారు. ఈ తీరంలో తెలుగు మాట్లాడే నోలియా (సముద్రంలో చేపలు పట్టే) కుటుంబాలు చాలా ఉన్నాయి, అంటే ఇది మనవాళ్ల తీరం కూడా. అక్కడ కావలసింది భవనం కాదు. రెండు మూడు నెలల కూలి, వలల కంచె, టార్చిలైట్లు. ఏటా కొంత వడ్డీ వచ్చే చిన్న నిధి అయినా అక్కడ నిజంగా పనికొస్తుంది.

భేట్నయి వైపు సంగతి వేరు. అక్కడి రైతులు తరతరాలుగా కృష్ణజింకల్ని తమ పొలాల్లోనే మేయనిస్తున్నారు. జింకలుంటే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. గంజాం జిల్లాలో ఇప్పుడు వాటి సంఖ్య ఏడు వేలు దాటింది. అక్కడ వేసవిలో తాగునీటి గుంటలు, పచ్చిక ఉండాలి. మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. ఆ కొండకు ఇవ్వాలనుకుంటే అక్కడి ఊళ్ల జీవవైవిధ్య కమిటీలతో మాట్లాడాలి.

ఉద్దేశం స్పష్టంగా ఉండాలి గానీ మరీ ఇరుకుగా ఉండకూడదు. నది ముఖం జరగవచ్చు, తీరం కోసుకుపోవచ్చు. అందుకే "ఆ పని అక్కడ సాగకపోతే గంజాం తీరంలో సముద్ర జీవుల రక్షణకు వాడాలి" అని ఒక వాక్యం కలపండి.

మీరు ఇవ్వగలిగేది ఎంత?

మీ సంపాదనతో కొన్నదైతే మీ ఇష్టం. పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే హిందువులు 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం తమ వాటా వరకే వీలునామా రాయగలరు. ముస్లింలు వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వలేరు. క్రైస్తవుల విషయంలో దగ్గరి బంధువులున్నవాళ్లు ధర్మకార్యాలకు వీలునామా రాయడానికి పాత చట్టంలో గట్టి షరతులుండేవి. 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఇప్పుడు ఆ అడ్డంకి లేదు.

భూమి విషయంలో ఇంకో జాగ్రత్త. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు, గజపతిలో కొన్ని భాగాలు షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం అక్కడి ఆదివాసుల భూమి ఇతరులకు బదిలీ కాదు. పట్టా చరిత్ర చూడకుండా అక్కడి భూమిని ఏ సంస్థకూ రాయకండి.

డబ్బా, భూమా?

నా సలహా, చాలామందికి డబ్బే మంచిది. భూమి ఇస్తే దానికి కాపలా, కంచె, పన్ను, ఆక్రమణల గొడవ అన్నీ ఆ సంస్థ మీద పడతాయి. చిన్న సంస్థలు తట్టుకోలేవు. మీ భూమిలోనే చెరువో, చిట్టడవో, మొగలి పొదల గట్టో ఉండి, అక్కడ జీవాలు నిజంగా బతుకుతుంటే అప్పుడు భూమిని కాపాడటమే సరైనది. అలాంటప్పుడు భూమితో పాటు దాని సంరక్షణకు కొంత సొమ్ము కూడా రాయాలి. ముందే సంస్థను అడిగి, తీసుకుంటామని ఉత్తరం తీసుకోవాలి.

యాజమాన్యం వదులుకోకుండా కాపాడే దారి కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు ఉంది. సొంత భూమిని గానీ ఊరి భూమిని గానీ స్వచ్ఛందంగా ఇందులో చేర్చమని కోరవచ్చు, ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. ఒకసారి ప్రకటించాక నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి లేకుండా భూ వినియోగం మార్చడానికి లేదు. మీ తర్వాత భూమి వాడుకునే పిల్లల మీదా ఈ కట్టుబాటు ఉంటుంది కాబట్టి వాళ్లతో కూర్చుని మాట్లాడాకే డివిజనల్ అటవీ అధికారిని కలవండి.

ఎవరి చేతికి?

సంస్థ ట్రస్టా, సొసైటీయా కనుక్కోండి. రిజిస్ట్రేషన్ నంబరు, పాన్, ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. ఇవ్వడానికి నసిగితే వదిలేయండి. వీలునామాకు ముందు బతికుండగానే చిన్న మొత్తం ఇచ్చి, ఏం చేశారో వెళ్లి చూడండి. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) పాత పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. రెండు వేలు దాటిన నగదుకూ, భూమి లాంటి వస్తురూప దానాలకూ అది రాదు. చెక్కు ద్వారా గానీ బ్యాంకు బదిలీ ద్వారా గానీ ఇవ్వండి.

అసలు సొమ్ము కదలకుండా వడ్డీ మాత్రమే ఖర్చు కావాలంటే "ఇది కార్పస్ నిధికి" అని రాతపూర్వకంగా చెప్పాలి. నోటి మాట సరిపోదు.

ఇక వీలునామా

తెలుగులో రాసుకోవచ్చు, తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. కాకపోతే రిజిస్టర్ చేసేటప్పుడు ఆ అధికారికి తెలియని, ఆ జిల్లాలో సాధారణంగా వాడని భాషలో ఉంటే అనువాదం జతచేయమంటారు. ఒడియా అనువాదం గానీ ఇంగ్లీషు అనువాదం గానీ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గొడవలు రాకుండా చేయించడమే మేలు.

మాట ఇలా ఉండవచ్చు: "నా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన నా స్వార్జిత డిపాజిట్లలో పదో వంతు, ఫలానా రిజిస్ట్రేషన్ నంబరు గల ఫలానా సంస్థకు, రుషికుల్య తీరంలో తాబేళ్ల రక్షణ కోసం చెందాలి. ఆ సంస్థ అప్పటికి లేకపోతే ఫలానా సంస్థకు చెందాలి." స్థిరమైన మొత్తం కంటే వంతు రాయడం నయం. వైద్య ఖర్చులకు డిపాజిట్లు కరిగినా పిల్లల వాటా మొత్తం ఊడ్చుకుపోదు.

భార్యో, భర్తో ఉండే ఇల్లయితే వాళ్లకు జీవితకాల హక్కు రాసి, ఆ తర్వాత సంస్థకు చెందేలా రాయవచ్చు. గిఫ్ట్ డీడ్ (దానపత్రం) అలా కాదు, రిజిస్టరై సంస్థ స్వీకరించాక మనసు మార్చుకున్నానంటే కుదరదు. మీ ముసలితనం గడవడానికి ఏముందో చూసుకోకుండా దాని జోలికి వెళ్లకండి.

మీ సంతకాన్ని ఇద్దరు సాక్షులు చూసి, మీ ఎదుట సంతకం చేయాలి. సాక్షులుగా ఆస్తి పొందేవాళ్లు వద్దు. మీకంటే వయసులో చిన్నవాళ్లు, ఊళ్లో దొరికేవాళ్లు అయితే మంచిది. అమలు చేసే ఎగ్జిక్యూటర్ పేరు కూడా రాయండి. నామినీ పేరు పెట్టాం కదా అని ఊరుకోవద్దు. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ సొమ్ము తీసుకుని హక్కుదారులకు అప్పగించాల్సినవాడే తప్ప సొంతదారు కాడు. పైగా అక్కడ మనిషి పేరే పెట్టాలి, సంస్థ పేరు కుదరదు.

పిల్లలకు ముందే చెప్పండి

వీలునామా చదివిన రోజున మొదటిసారి తెలిస్తేనే కోపం వస్తుంది. ఎందుకు ఇస్తున్నారో, వాళ్లకెంత ఉంచారో చెప్పండి. వీలైతే ఒకసారి ఆ తీరానికి తీసుకెళ్లండి. విదేశాల్లో ఉన్న పిల్లలు తామూ కలుపుతామంటే, భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపడానికి ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, దానికి అనుమతి ఉన్న సంస్థలే తీసుకోగలవు.

వీలునామా అసలు ప్రతి ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కు తెలియాలి. కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచవచ్చు. సంస్థ మారినా, ఆస్తి అమ్మినా వీలునామా తిరగరాయండి. మార్పు ఒక్క పేరే అయినా పాత కాగితం మీద పెన్నుతో కొట్టి రాయొద్దు, దానికీ మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.