పచ్చ టిక్కు చూసి నమ్మకండి: డిజిటల్ సంతకం పెట్టడం, సరిచూడడం ఎలా?

తెలుగు రాష్ట్రాల్లో డీఎస్సీ అంటే ఉపాధ్యాయ నియామకాలు. బెంగళూరు పీణ్యాలో వర్క్‌షాపులు నడుపుకుంటున్న మనవాళ్లకు మాత్రం అది బీరువా సొరుగులో ఉండే చిన్న యూఎస్‌బీ టోకెన్, అంటే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. ఈ చుట్టుపక్కల చిన్న కంపెనీల లెక్కలు చూస్తూ పన్నెండేళ్లుగా ఆ టోకెన్లతోనే పని చేస్తున్నాను. అందరూ పొరపాటు చేసేది ఒక్కచోటే కాబట్టి మిగతా సంగతులు త్వరగా చెప్పి అక్కడికి వస్తాను.

ముందుగా సర్టిఫికెట్ తీసుకోండి. ఈ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ అధికారి కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, అంటే సీసీఏ. ఆయన నుంచి లైసెన్సు పొందిన సంస్థలే దీన్ని ఇవ్వాలి. పాన్, ఆధార్, ఫోటో, మీ సొంత ఫోను నంబరు, మీ సొంత ఈమెయిలు ఇస్తే, వీడియోలో మిమ్మల్ని చూసి నిర్ధారిస్తారు. క్లాస్ 2 అనే రకం 2021 జనవరి 1 నుంచి లేదు, ఇప్పుడు క్లాస్ 3 రకం ఒక్కటే. ప్రభుత్వ టెండర్లు వేసేవారు ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్, అంటే ఫైలును ఇతరులు చదవకుండా మూసేందుకు వాడేది కూడా అడగండి. గడువు రెండేళ్లకే తీసుకోండి. మూడేళ్లదీ ఇస్తారు గానీ, అన్నేళ్లలో టోకెన్ ఎక్కడ పెట్టామో, పాస్‌వర్డ్ ఏమిటో మరిచిపోతారు. పాస్‌వర్డ్ మరిచి టోకెన్‌ను ఫార్మాట్ చేస్తే లోపలి సర్టిఫికెట్ పోయినట్లే, మళ్లీ కొనాలి.

టోకెన్ డ్రైవర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించి, టోకెన్‌ను నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి, హబ్‌లు వద్దు. దానికి ఎర్ర దారం కట్టి పెట్టుకోండి. నా దగ్గరకు వచ్చే ప్రతి టోకెన్‌కూ కట్టిస్తాను.

సంతకం పెట్టడం తేలిక. పీడీఎఫ్‌ను అడోబ్ రీడర్‌లో తెరిచి, సర్టిఫికెట్స్ విభాగంలో డిజిటల్ సంతకాన్ని ఎంచుకుని, చివరి పేజీలో కుడివైపు కింద గడి గీయండి. సంతకం అక్కడే ఉండాలి. మీ పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ కొట్టి, ఫైలుకు కొత్త పేరు పెట్టి దాచండి. మీ తర్వాత ఇంకెవరైనా సంతకం చేయాల్సి ఉంటే, సంతకం తర్వాత దస్తావేజుకు తాళం వేసే గడిలో టిక్కు పెట్టకండి.

ఆ క్షణంలో జరిగేది ఇది. కంప్యూటర్ మీ దస్తావేజు మొత్తానికి ఒక వేలిముద్ర లాంటి సంఖ్య తీస్తుంది. ఒక్క కామా మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. టోకెన్‌లోని రహస్య తాళంచెవి ఆ సంఖ్య మీద ముద్ర వేస్తుంది. ఆ తాళంచెవి టోకెన్‌లోనే పుడుతుంది, బయటికి నకలు తీయడానికి వీలుండదు. కాగితం మీద సంతకం చేసి, దాన్ని ఫోటో తీసి పీడీఎఫ్‌లో అతికించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ బొమ్మను ఎవరైనా కత్తిరించి ఎక్కడైనా అతికించుకోవచ్చు. డిజిటల్ సంతకం చేసిన ఫైలును ప్రింటు తీసి, స్కాన్ చేసి పంపేవారూ ఉన్నారు. ఆ కాగితం మీద మిగిలేది సంతకం ఆకారమే. ఫైలును ఫైలుగానే పంపండి.

ఇక అసలు చోటు, వచ్చిన సంతకాన్ని సరిచూడడం. ఇక్కడ తొందర వద్దు.

ఫైలును బ్రౌజర్‌లోనో ఫోనులోనో చూసి ఏదీ తేల్చకండి, కంప్యూటర్‌లో రీడర్‌లోనే తెరవండి. ఈ-ఆధార్ తెరిచినప్పుడు కనిపించే పసుపు ప్రశ్నార్థకం చాలామందికి తెలుసు. సంతకం దొంగదని దాని అర్థం కాదు. ఈ సర్టిఫికెట్‌ను నమ్మాలో వద్దో తనకు తెలియదని రీడర్ చెబుతోంది, అంతే. లైసెన్సున్న సంస్థ ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కూ పైన ఆ సంస్థ, అన్నిటికీ పైన సీసీఏ ఇండియా అనే మూల సర్టిఫికెట్ ఉంటాయి. ఈ వరుసనే గొలుసు అంటాం. ఆ మూలం రీడర్ జాబితాలో లేకపోతే ప్రశ్నార్థకం వస్తుంది.

దాన్ని పోగొట్టడానికి చాలామంది చేసే పని, సంతకం చేసినవారి సర్టిఫికెట్‌నే నమ్మకమైన జాబితాలో చేర్చేయడం. వెంటనే సంతకం సరైనదని చెప్పే పచ్చ టిక్కు వస్తుంది. దయచేసి అలా ఎప్పుడూ చేయకండి. రీడర్‌లోనే ఎవరైనా, ఏ పేరుతోనైనా, రెండు నిమిషాల్లో సొంత సర్టిఫికెట్ తయారు చేసుకోవచ్చు. దాన్ని మీరు చేతులారా నమ్మితే, దానికీ అదే పచ్చ టిక్కు వస్తుంది.

హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ లేత్ మిషన్లు పెట్టుకున్న ఒకాయనకు ఒక పెద్ద కంపెనీ పేరుతో కొనుగోలు ఆర్డరు వచ్చింది. ఆఫీసులో పిల్లవాడు నొక్కాల్సినవన్నీ నొక్కి పచ్చ టిక్కు తెప్పించాడు. ఆయన ఉక్కు కొని, కోయించి, సరుకు పంపాక గానీ ఆ కంపెనీకి అలాంటి ఆర్డరే తెలియదని తేలలేదు. "అక్కా, టిక్కు వచ్చింది కదా!" అని ఆయన ఫోనులో అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. ఫైలు తెప్పించుకుని చూస్తే గొలుసులో ఒక్కటే పేరు. పైన ఎవరూ లేరు.

అందుకే ఇలా చేయండి. సంతకం మీద నొక్కి, దాని వివరాల్లోంచి సర్టిఫికెట్‌ను తెరవండి. ఎడమవైపు గొలుసు కనిపిస్తుంది. ఒక్క పేరే ఉంటే అది సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్ కావచ్చు, అక్కడితో ఆపి పంపినవారికి ఫోను చేయండి. ఆ నంబరు కూడా ఆ ఫైలులో ఉన్నది కాకుండా మీకు ముందునుంచీ తెలిసినదై ఉండాలి. గొలుసు ఉంటే అన్నిటికంటే పైనున్న పేరును ఎంచుకోండి. అది సీసీఏ ఇండియా, పక్కన 2014, 2022 లాంటి సంవత్సరంతో ఉండాలి. పేరు చూసి ఊరుకోవద్దు, పేరును ఎవరైనా రాసుకోగలరు. వివరాల్లో ఆ సర్టిఫికెట్ వేలిముద్ర, అంటే అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవైన వరుస ఉంటుంది. సీసీఏ వెబ్‌సైటు నుంచి మీరే దించుకున్న మూల సర్టిఫికెట్ వేలిముద్రతో దాన్ని అక్షరం అక్షరం పోల్చండి. నేను బయటికి చదువుతుంటే పక్కనున్నవారు వేలు పెట్టి చూస్తారు. రెండూ కలిస్తేనే ట్రస్ట్ విభాగంలో ఆ పై సర్టిఫికెట్‌ను మూలంగా చేర్చి, సంతకాన్ని మళ్లీ సరిచూడమనండి. ఆ కంప్యూటర్‌లో ఆ మూలానికి ఈ పని ఒక్కసారి చేస్తే చాలు.

పచ్చ టిక్కు వచ్చాక కూడా రెండు సంగతులు చూడాలి. సంతకం తర్వాత ఫైలు మారలేదని రీడర్ చెబుతోందా? సర్టిఫికెట్‌లోని పేరు మీరు అనుకున్న మనిషిదేనా?

ఓటీపీతో చేసే ఆధార్ ఈ-సంతకం కూడా చట్టప్రకారం చెల్లుతుంది. దాని సర్టిఫికెట్ ఆయుష్షు 30 నిమిషాలే, తాళంచెవిని వాడగానే చెరిపేస్తారు. అద్దె ఒప్పందం లాంటి ఒక్కసారి పనులకు అది చాలు. నెలనెలా ఫారాలు పెట్టే కంపెనీకి టోకెనే ఉండాలి. వీలునామా, ట్రస్టు దస్తావేజులకు మాత్రం 2000 నాటి ఐటీ చట్టం వర్తించదు, వాటికి కాగితం మీదే సంతకం చేయండి.

టోకెన్‌నూ పాస్‌వర్డ్‌నూ ఏళ్ల తరబడి ఆడిటర్ దగ్గర వదిలేయకండి, నా దగ్గరైనా సరే. ఆ తాళంచెవిని కాపాడే బాధ్యత చట్టంలోని 42వ సెక్షన్ మీ మీదే పెట్టింది. ఫారం పెట్టే రోజు మీరే తీసుకొచ్చి, పాస్‌వర్డ్ మీరే కొట్టి, తిరిగి తీసుకెళ్లండి. టోకెన్ పోయిందని తెలిసిన రోజే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాసి రద్దు చేయించండి. రద్దయినట్లు జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.