మాల వేసుకుని మందు మానేవాళ్ల ఇంట్లో జాగ్రత్తలు

కార్తీకం వస్తే రోజూ తాగేవాళ్లు కూడా మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. మానడం మంచిదే. కానీ ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఒక్కసారిగా మానితే తిరగబడుతుంది. మా పెదనాన్న మాల వేసుకున్న మర్నాడు హారతి పళ్లెం పట్టుకోలేకపోయారు. చెయ్యి వణికి కర్పూరం కింద పడింది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం కదా, చలి అనుకున్నాం. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి.

అందుకే మాలకు కనీసం వారం ముందు డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. రోజుకు ఎంత తాగేదీ దాచకుండా చెప్పండి. పొద్దున్నే మందు పడందే చెయ్యి ఆడనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఆసుపత్రిలో ఉండి మానాలి. వణుకు, చెమటలు మొదటి రోజే మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా రెండు రోజుల్లోపే వస్తాయి. లేనివి కనిపించడం, అయోమయం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక విటమిన్ల సంగతి. తాగేవాళ్లకు తిండి తగ్గుతుంది, తిన్నదాంట్లోని బీ1 కూడా పేగులకు సరిగా పట్టదు. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటితే చూపు రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది, మాటకు పొంతన ఉండదు. ‘దొంగచాటుగా తాగాడు’ అని ఇంట్లోవాళ్లు తిట్టేది ఇలాంటప్పుడే. దయచేసి తిట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

మన ఊళ్లలో నీరసం అనగానే గ్లూకోజు ఎక్కిస్తారు. గ్లూకోజును ఒళ్లు వాడుకోవాలంటే బీ1 కావాలి. ఉన్న కాస్తా దానికే ఖర్చయితే మెదడు దెబ్బతింటుంది. సీసా తగిలించేముందు ‘డాక్టరుగారూ, ఈయన రోజూ తాగేవారు, బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా?’ అని నోరు తెరిచి అడగండి. షుగర్ బాగా పడిపోతే మాత్రం గ్లూకోజు ఆపకూడదు, రెండూ కలిపి ఇవ్వాలి.

మెడికల్ షాపులో కొన్న బీ కాంప్లెక్స్ మాత్రలతో ఈ గండం గడవదు. విటమిన్ లోటు పూడుస్తుంది గానీ తాగాలనే యావను తీయదు, ఫిట్స్‌ను ఆపదు. వాటికి వేరే మందులున్నాయి, డాక్టరే ఇవ్వాలి. తెలియకుండా కూరలో కలిపే ‘మాన్పించే పొడి’ జోలికి అసలు పోకండి, అందులో ఏముందో ఎవరికి తెలుసు? కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్ల సంగతి ఇంకో రకం. అందులో కలిసేది ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రల మందు, దాన్ని డాక్టర్ మెల్లమెల్లగా తగ్గించాలి.

మొదటి రెండు వారాలు ఒక్క పూట భిక్షతో సరిపెట్టుకోవద్దు. గురుస్వామికి ఉన్న సంగతి చెప్పండి. మా గురుస్వామి ‘ముందు కడుపునిండా తిను స్వామీ’ అన్నారు. పెద్దమ్మ గంజి వార్చడం మానేసింది, వార్చితే బీ1 అందులోనే పోతుందట. వేరుశనగలు, పెసలు, ఉలవలు రోజూ ఉండేలా చూసింది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. మానడానికి సాయం కావాలంటే 14446కి చేయండి, డబ్బులు అడగరు.