ముక్కు మూసుకుని ఒక గుక్క: ఫ్లేవర్ టీల రుచి ఇంట్లో ఎలా చూడాలి

మా వంటగది సొరుగులో ఒకప్పుడు పదకొండు రకాల టీ ప్యాకెట్లు ఉండేవి. ఏ ఒక్కటీ సగం కూడా అవలేదు. ఎవరో ఇచ్చినవి కొన్ని, డబ్బా చూసి ముచ్చటపడి నేను కొన్నవి కొన్ని. ప్రతిదీ ఒకసారి కాచి, రెండు గుక్కలు తాగి, "అబ్బే, ఇదేం టీ" అని లోపలికి తోసేసేదాన్ని. స్ట్రాబెర్రీ టీ అయితే మరీ దారుణం. ప్యాకెట్ తెరిస్తే గది నిండా పండు వాసన, కప్పులో మాత్రం చప్పటి వేడినీళ్లు.

ఆ స్ట్రాబెర్రీ టీతోనే నాకు అసలు సంగతి తెలిసింది. మీరూ చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. నోట్లో కాస్త వగరు, కాస్త చేదు, అంతే. మింగకుండా ముక్కు వదలండి. ఒక్కసారిగా పండు వచ్చేస్తుంది! ఫ్లేవర్ అని మనం అనేది చాలావరకు ముక్కు పని, నోటి వెనక నుంచి పైకి వెళ్లే వాసన. నాలుకకు అందేది కింద ఉన్న టీ ఆకు. పండు వాసన వచ్చిందంటే తీపి కూడా వస్తుందని మనసు ఎదురుచూస్తుంది, కానీ కప్పులో చక్కెర లేదు. అందుకే చప్పగా అనిపిస్తుంది. అప్పటినుంచి నేను ముక్కుకు వేరుగా, నాలుకకు వేరుగా మార్కులు వేస్తున్నాను.

ఒక పూటకు మూడు రకాలు చాలు. నాలుగోదానికి నాలుక మొద్దుబారిపోతుంది. మూడూ ఒకే కొలత ఉన్న, లోపల తెల్లగా ఉండే కప్పులైతే రంగు తేడా కూడా తెలుస్తుంది. పొద్దున చేయండి, ఖాళీ కడుపుతో వద్దు. నేను ఒకసారి రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి రెండింటిదాకా సీలింగ్ ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

కొలత విషయంలో టీ పరీక్షించేవాళ్లకు ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్లు, 6 నిమిషాలు. రుచిగా తాగడానికి కాదిది, ఒక టీని ఇంకో టీతో పోల్చడానికి. (టీ చేసే పద్ధతిని ఆరు పేజీల్లో నిర్దేశించినందుకు బ్రిటిష్ ప్రమాణాల సంస్థకు 1999లో సరదా నోబెల్, అదే ఇగ్ నోబెల్, ఇచ్చారు.) నేను నిష్పత్తి మాత్రం తీసుకుని సమయం తగ్గించుకున్నాను: 150 మిల్లీలీటర్లకు 3 గ్రాములు, బ్లాక్ టీకి 4 నిమిషాలు, గ్రీన్ టీకి 2. చెంచా కొలతను నమ్మకండి. ఉండలు చుట్టిన ఆకు చెంచాడు వేస్తే బరువుగా ఉంటుంది, చామంతి పూలు చెంచాడు వేస్తే ఏమీ ఉండదు. చిన్న తూకం లేకపోతే మూడు రకాలూ టీ బ్యాగుల్లోనే తీసుకోండి, కనీసం దాదాపు సమానంగా ఉంటాయి.

ఇక నీళ్లు. నా పదకొండు ప్యాకెట్లలో సగం చెడింది ఇక్కడే. అన్నిటి మీదా తెర్లుతున్న నీళ్లు పోసేదాన్ని. బ్లాక్ టీకి అది సరే. గ్రీన్ టీ ఆకు మీద పోస్తే చేదూ వగరూ ఒక్కసారిగా దిగిపోయి, మిగతా ఏ రుచినీ పైకి రానివ్వవు. దానికి 75–80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. మూడు వంతుల మరిగే నీళ్లకు ఒక వంతు మామూలు నీళ్లు కలపండి, లెక్క సుమారు 80 దగ్గరికి వస్తుంది. చన్నీళ్లు ముందు కలిపేసి, తర్వాతే ఆకు వేయాలి.

తాగేటప్పుడు జుర్రుమని పీల్చాలి. మర్యాద పక్కన పెట్టండి. టీ రుచి చూడటమే ఉద్యోగమైన వాళ్లు కూడా చప్పుడు చేస్తూనే తాగుతారు, గాలి కలిస్తేనే వాసన ముక్కుకు ఎక్కుతుంది కాబట్టి. ఒక గుక్క వేడిగా, ఒకటి గోరువెచ్చగా, ఒకటి చల్లారాక. మూడో గుక్క అబద్ధం చెప్పదు. వేడిలో ఘుమఘుమలాడిన కొన్ని టీలు చల్లారాక అత్తరు కలిపిన నీళ్లలా మిగులుతాయి.

ప్రతి గుక్కకూ ఒక మాట రాసుకోండి. "బాగుంది" అని మాత్రం రాయొద్దు, వారం తర్వాత దానికి అర్థం ఉండదు. మనకు వగరు అనే మాట ఉండటం ఎంత అదృష్టమో టీ తాగేటప్పుడే నాకు తెలిసింది. చేదు నాలుకకు తగులుతుంది. వగరు నోరంతా పట్టేస్తుంది, చెంపల లోపల ఎండిపోయినట్టు. టీలోని పదార్థాలు ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది. పాలు పోస్తే పాలలోని ప్రొటీన్ ఆ పని తన మీద వేసుకుంటుంది, వగరు తగ్గుతుంది. పసరు వాసన, మాడు వాసన, ముక్కిపోయిన వాసన, ఘాటు, ఇవన్నీ మన దగ్గర సిద్ధంగా ఉన్న మాటలే. నా పుస్తకంలో "తడిసిన అట్టపెట్టె", "కొత్త పెన్సిల్ చెక్కినప్పుడు" కూడా ఉన్నాయి.

వరుస కూడా ముఖ్యమే. ముందు ఏ ఫ్లేవరూ లేని మామూలు టీ, తర్వాత పూలవి, తర్వాత పండ్లవి, చివర్న పొగవి. మామూలు టీ ఎందుకంటే, ఆకు ఎలా ఉంటుందో తెలియకుండా దాని మీద ఏం అద్దారో తెలియదు.

నాకు అనిపించినవి చెప్తాను. మల్లె టీ మొదటిసారి సబ్బులా ఉంది, తప్పు నాది, మరిగే నీళ్లు. నీళ్లు చల్లార్చి పోశాక అదే టీ ఎంత మెత్తగా ఉందో! సంప్రదాయ పద్ధతిలో సాయంత్రం కోసిన మొగ్గల్ని ఆకుతో కలిపి ఉంచుతారు, రాత్రి అవి విచ్చుకుంటుంటే ఆకు వాసన పీల్చుకుంటుంది, తర్వాత పూలు తీసేస్తారు. మంచి రకాలకు ఇదే కొన్నిసార్లు మళ్లీ మళ్లీ చేస్తారు. కాబట్టి ప్యాకెట్లో పూలు కనబడలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఎర్ల్ గ్రేలో ఉండేది బెర్గమాట్ అనే పుల్లటి పండు తొక్క నూనె. ఆ పండు ఎక్కువగా ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో పండుతుంది. వేడిగా తాగితే నూనె వాసన ముక్కు పుటాల్ని కొడుతుంది. గోరువెచ్చన అయ్యాకే కింద ఉన్న బ్లాక్ టీ కనిపిస్తుంది, నాకు ఆ నిమిషమే ఇష్టం. మా ఆయన దాన్లో పాలు పోసుకుంటారు. వాదించడం మానేశాను.

లాప్సాంగ్ సూచాంగ్ అని చైనా వూయీ కొండల టీ ఒకటుంది, ఆకును పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారు. నేను కాస్తుంటే మా ఆయన హాల్లోంచి "ఏదో మాడుతోంది చూడు" అన్నారు. మూడుసార్లు నాకూ అలాగే అనిపించింది. నాలుగోసారి చల్లారాక తాగితే పొగ వెనక సన్నటి తీపి దొరికింది. ఇది తాగాక గంటదాకా ఇంకేదీ రుచి చూడలేరు.

పుదీనా కప్పు వేడిగా ఉన్నా నోరు చల్లబడుతుంది, మెంథాల్ చలిని పసిగట్టే నరాల్నే తట్టి లేపుతుంది కాబట్టి. గోంగూర జాతి ఎర్రపువ్వు టీ, అంటే హైబిస్కస్, నిజానికి టీయే కాదు, దాన్లో టీ ఆకు ఉండదు. చక్కటి పులుపు. తెలియక అందులో పాలు పోశాను, ముక్కలు ముక్కలుగా విరిగి పైకి తేలాయి. రూయిబోస్ కూడా టీ మొక్క కాదు, దక్షిణాఫ్రికా పొద. కెఫీన్ ఉండదు, మరిచిపోయి పది నిమిషాలు వదిలేసినా చేదెక్కదు, మతిమరుపు వాళ్ల పాలిట దేవత. చామంతి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎండుగడ్డి.

చివరి మెట్టు కళ్లకు గంతలు. పేరు చూస్తే నాలుక పేరునే తాగుతుంది. మా అమ్మాయి కప్పుల అడుగున అంకెలు అంటించి, తనే కాచి, వరుస మార్చి తెచ్చింది. నేను రెండో కప్పు జుర్రి, గంభీరంగా "నిమ్మ తొక్క వాసన, ఎర్ల్ గ్రే" అని రాశాను.

"అమ్మా, అది మామూలు టీ."

పరువు పోయిందనుకున్నాను. కానీ ముక్కు మూసి, వదిలి, మళ్లీ తాగినా వాసన ఉంది. అప్పుడు వెతికితే దొరికింది దొంగ: వడగట్టే జాలి. ముందు కప్పు ఎర్ల్ గ్రే దాంతోనే వడగట్టింది, నూనె దానికి అంటుకుని ఉంది. కప్పు కప్పుకూ జాలిని వేడినీళ్లతో కడగాలి, ప్లాస్టిక్ ది అయితే వాడకపోవడమే మేలు. ఆ లెక్కన సొరుగు సంగతీ అర్థమైంది. టీ ఆకు పక్కనున్న ప్రతి వాసననూ లాక్కుంటుంది. పదకొండు ప్యాకెట్లు మూతి మడిచి ఒకేచోట పడేస్తే అన్నీ పుదీనా అయి కూర్చున్నాయి. ఇప్పుడు ఒక్కోదానికి గట్టి మూతున్న వేరే డబ్బా, వెలుతురు పడని చోట.

పదకొండులో ప్రస్తుతం నేను కాచి తాగేవి నాలుగే: మల్లె, ఎర్ల్ గ్రే, రూయిబోస్, అప్పుడప్పుడు పొగ టీ. ఎర్రపువ్వును చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మా అమ్మాయే ఖాళీ చేస్తుంది. స్ట్రాబెర్రీ ప్యాకెట్ కూడా ఉంది గానీ దాన్ని కాచడం మానేశాను. అప్పుడప్పుడు మూత తీసి, ఒకసారి వాసన పీల్చి, మళ్లీ మూసి పెట్టేస్తున్నాను.